బేస్ గిటార్ వాద్యం – చేతికి, మణికట్టుకు రక్షణ
కోయంబత్తూరు, మదురై ప్రాంతాల తెలుగు పల్లెల వాద్యకారులకు, వారి కుటుంబాలకు తెలియవలసిన విషయాలు

తమిళనాట తరతరాలుగా స్థిరపడిన తెలుగువారిలో సంగీతం ఒక ఆనవాయితీ. కొందరికి అది జీవనోపాధి కూడా. తిరునాళ్లలో, పెండ్లిళ్లలో, గుడి ఉత్సవాలలో జరిగే పాట కచేరీలలో ఈ పల్లెల యువకులు కీబోర్డు, డ్రమ్స్, గిటార్ వాయిస్తూ కనిపిస్తారు. వీటిలో చేతికి ఎక్కువ శ్రమ కలిగించే వాద్యాలలో బేస్ గిటార్ ఒకటి. దీని తీగలు లావు, మెడ పొడవు, బరువు అధికం. పద్ధతి తెలియక వాయించిన చేయి కొన్నేండ్లలోనే నొప్పికి, తిమ్మిరికి లోనవుతుంది. కచేరీ లేని రోజులలో ఆ చేయే పాలు పితకాలి, మిల్లులో పని చేయాలి, నాగలి పట్టాలి. కనుక వాద్యకారుని మణికట్టు దెబ్బతింటే నష్టం కచేరీతో ఆగదు, ఇంటిల్లిపాదికీ చేరుతుంది. ఈ బాధలలో చాలా భాగం ముందు జాగ్రత్తతో తప్పించుకోదగినవే.

తెలుగు పల్లెలు – వాద్య సంప్రదాయం

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షల మంది. విజయనగర సామ్రాజ్య కాలంలోను, 1529లో విశ్వనాథ నాయకునితో మొదలైనట్లు చెప్పే మదురై నాయకుల పాలనలోను దక్షిణానికి తరలి వచ్చినవారి సంతతి ఇందులో పెద్ద భాగం. కమ్మ నాయుళ్లు, రాజకంబళ నాయకులు, బలిజలు, గవరలు, రెడ్లు, అరుంధతీయులు మొదలైన పలు కులాలవారు ఇండ్లలో తెలుగు మాట్లాడుకుంటూ, వెలుపల తమిళంలో వ్యవహరిస్తూ వస్తున్నారు. కోయంబత్తూరు చుట్టుపక్కల పీలమేడు, కలంగల్ వంటి ఊళ్లు కమ్మ నాయుళ్ల స్థావరాలుగా ప్రసిద్ధి పొందాయి. ప్రముఖ ఆవిష్కర్త జి. డి. నాయుడు 1893లో కలంగల్‌లో జన్మించారు.

రాజకంబళ నాయకుల దేవరాట్టం ఈ ప్రాంతపు విశిష్ట కళ. ఇందులో పాట ఉండదు. దేవదుందుభి అని పిలిచే ఉరుమి వాద్యపు లయకే ఆటగాళ్లు అడుగులు వేస్తారు. ఉరుమి నడుము సన్నగా ఉండే రెండు ముఖాల చర్మవాద్యం. ఒక ముఖాన్ని కర్రతో కొడతారు, రెండవ ముఖంపై వంపు కర్రతో రాపిడి చేసి గర్జన వంటి మంద్రనాదాన్ని పుట్టిస్తారు. ఆటకు పునాది ఆ మంద్రనాదమే. నేటి పాట కచేరీలో బేస్ గిటార్ చేసే పని కూడా ఇదే. వినేవారు దానిని విడిగా గుర్తించరు కాని, అది ఆగిన క్షణంలో పాట డొల్లగా వినిపిస్తుంది.

సినిమా సంగీతంతోను ఈ నేలకు పాత బంధం ఉంది. కోయంబత్తూరులోని సెంట్రల్ స్టూడియో, పక్షిరాజా స్టూడియో ఒకప్పుడు దక్షిణాదిలో పేరుపొందిన చిత్ర నిర్మాణ కేంద్రాలు. పక్షిరాజా అధిపతి ఎస్. ఎం. శ్రీరాములు నాయుడు 1954లో తమిళంలో ‘మలైక్కళ్లన్’, తెలుగులో ‘అగ్గిరాముడు’ చిత్రాలు తీశారు. వాటికి సంగీతం కూర్చినవారు ఎస్. ఎం. సుబ్బయ్య నాయుడు. అప్పటి మదురై జిల్లాలోని పన్నైపురంలో పుట్టిన ఇళయరాజా, సోదరులతో కలిసి పావలర్ బ్రదర్స్ బృందంగా ఊరూరా కచేరీలు చేసి, 1976లో ‘అన్నక్కిళి’ చిత్రంతో సంగీత దర్శకులయ్యారు. గిటార్ నేర్చిన ఆయన తన పాటలలో బేస్ వరుసలకు ప్రత్యేక స్థానం ఇచ్చారు. ఆ పాటలను వేదికపై ఉన్నది ఉన్నట్లు వాయించాలంటే బేస్ కళాకారుని వేళ్లు నిరంతరం కదులుతూనే ఉండాలి. పల్లె కచేరీలలో ఆ పాటలకే గిరాకీ ఎక్కువ కనుక శ్రమ కూడా ఎక్కువే.

బేస్ గిటార్ చేతికి ఎందుకు భారం?

అమెరికాకు చెందిన లియో ఫెండర్ 1951లో మార్కెట్టులోకి తెచ్చిన ప్రెసిషన్ బేస్ తరువాత ఈ వాద్యం ప్రపంచమంతటా వ్యాపించింది. సాధారణ బేస్‌కు నాలుగు తీగలు. వాటి శ్రుతులు గిటార్‌లోని నాలుగు లావు తీగల కంటె ఒక స్థాయి కింద ఉంటాయి. అన్నిటికంటె లావైన తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఇంత మంద్రనాదం పలకాలంటే తీగ లావుగా, పొడవుగా ఉండక తప్పదు.

మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో మోగే తీగ పొడవు సుమారు 648 మిల్లీమీటర్లు. ప్రామాణిక బేస్‌లో 864 మిల్లీమీటర్లు, అంటే 34 అంగుళాలు. అందువలన వీణకు మెట్లున్నట్లే దీనికి ఉండే ఫ్రెట్ల మధ్య ఎడం కూడా పెరుగుతుంది. మొదటి మెట్టు నుండి నాలుగవ మెట్టు వరకు గిటార్‌లో దూరం 9.7 సెంటీమీటర్లు కాగా, బేస్‌లో దాదాపు 13 సెంటీమీటర్లు. నాలుగు వేళ్లను నాలుగు మెట్లపై చాచి ఉంచితే చిన్న చేతులవారి మణికట్టు మెలితిరిగి, అరచేయి బిగుసుకుంటుంది.

పైగా ఒక్కొక్క తీగ బిగువు రమారమి 16 నుండి 20 కిలోల బరువు లాగినంత ఉంటుంది. వాద్యం బరువు సాధారణంగా మూడున్నర నుండి నాలుగున్నర కిలోలు. ఆ బరువు గంటల తరబడి ఒకే భుజంపై వేలాడుతుంది.

వేళ్ల శ్రమను లెక్క వేసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. నిమిషానికి 120 తాళాల వేగంతో నడిచే పాటలో ఒక్కొక్క తాళానికి రెండేసి మీటులు ఉంటే, నిమిషానికి 240 మీటులు. నాలుగు నిమిషాల పాటకు 960. ఇరవై ఐదు పాటల కచేరీ ముగిసేసరికి 24,000. మీటు ఒక్కటి తేలికే. అదే కదలిక ఇన్ని వేల సార్లు, తప్పు భంగిమలో, విరామం లేకుండా జరిగినప్పుడు గాయంగా మారుతుంది.

చేతిలో జరిగేదేమిటి?

వేళ్లను ముడిచే కండరాలలో పెద్దవి వేళ్లలో ఉండవు, ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుండి తాళ్ల వంటి పోగులు మణికట్టు మీదుగా వేళ్ల ఎముకలకు చేరతాయి. మణికట్టు లోపలి వైపు ఎముకలతోను, గట్టి పొరతోను ఏర్పడిన ఇరుకైన సొరంగం ఉంటుంది. తొమ్మిది పోగులు, మీడియన్ నరం ఆ సొరంగం గుండానే సాగుతాయి. మణికట్టు నిటారుగా ఉన్నప్పుడు అవి సాఫీగా కదులుతాయి. మణికట్టును ముందుకు గాని, వెనుకకు గాని బాగా వంచితే సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. వంచిన చేతితోనే వేళ్లను బలంగా పనిచేయిస్తే పోగులు ఒరుసుకొని వాచిపోతాయి, నరం నొక్కుకుంటుంది. చేతి రక్షణకు చెప్పే సూత్రాలలో ఎక్కువ భాగం ఈ ఒక్క విషయం నుండే పుట్టినవి.

బేస్ వాద్యకారులలో రాగల బాధలు ముఖ్యంగా ఇవి:

1. పోగుల వాపు: మణికట్టు వద్ద గాని, ముంజేతిలో గాని కదిలించినప్పుడు నొప్పి. మొదట కచేరీ తరువాత మాత్రమే ఉంటుంది. తరువాత వాయిస్తున్నప్పుడే వస్తుంది. అశ్రద్ధ చేస్తే చెంబు ఎత్తినా నొప్పే.

2. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్: పైన చెప్పిన సొరంగంలో మీడియన్ నరం నొక్కుకోవడం. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగభాగం తిమ్మిరెక్కుతాయి. రాత్రి నిద్రలో తిమ్మిరితో మెలకువ వచ్చి, చేయి విదిలించుకుంటే తగ్గడం దీని ప్రధాన లక్షణం. ముదిరితే బొటనవేలి మొదట్లోని కండ తగ్గి, పట్టు సడలుతుంది. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికి, గర్భిణులకు ఇది వచ్చే అవకాశం అధికం.

3. డి క్వెర్వేన్ వ్యాధి: బొటనవేలిని కదిలించే పోగుల తొడుగు మందమై మణికట్టు పక్కన నొప్పి కలగడం. స్విట్జర్లాండు వైద్యుడు ఫ్రిట్జ్ డి క్వెర్వేన్ 1895లో దీనిని వర్ణించారు. బేస్ మెడను బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టడం, బొటనవేలితో తీగలను కొట్టే పద్ధతిని అతిగా అభ్యసించడం, సెల్‌ఫోనుపై ఎడతెగక బొటనవేలు ఆడించడం దీనిని పెంచుతాయి. పసిబిడ్డలను ఎత్తుకునే తల్లులలో కూడా ఇది తరచు కనిపిస్తుంది.

4. మోచేతి వద్ద నరం నొక్కుకోవడం: చిటికెనవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. మోచేతిని చాలాసేపు బాగా ముడిచి ఉంచడం, దానిని గట్టి అంచుపై ఆనించడం ఇందుకు దోహదం చేస్తాయి.

5. వేళ్లు మాట వినకపోవడం: నొప్పి ఉండదు. వాయించేటప్పుడు మాత్రం ఒకటి రెండు వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. దీనిని ఫోకల్ డిస్టోనియా అంటారు. ఇది మెదడుకు, నాడులకు సంబంధించినది, అరుదైనది, చికిత్స కష్టమైనది. అమెరికా పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ 1960ల నడుమ దీని వలన కుడిచేతి వాద్యానికి దూరమై, దశాబ్దాల పాటు ఎడమచేతి రచనలే వాయించారు.

ఈ బాధలు పల్లె కళాకారులకే పరిమితం కావు. అమెరికా సింఫనీ, ఒపెరా వాద్యబృందాలకు చెందిన 2,212 మందిపై జరిపి 1988లో ప్రచురించిన సర్వేలో 82 శాతం మంది ఏదో ఒక ఆరోగ్య సమస్య ఉన్నట్లు తెలిపారు. 76 శాతం మందిలో అది వాద్యానికి ఆటంకం కలిగించేంత తీవ్రంగా ఉంది. గొప్ప విద్వాంసులకే తప్పనిది తమకు వచ్చినదని సిగ్గుపడవలసిన పని లేదు. దాచిపెట్టడమే ప్రమాదం.

ఏ నొప్పి సహజం? ఏది కాదు?

కొత్తగా నేర్చుకునేవారికి వేళ్ల కొనలు మండడం, బొబ్బలు రావడం సహజం. కొన్ని వారాలలో అక్కడి చర్మం గట్టిపడి బాధ తగ్గుతుంది. మణికట్టులో నొప్పి, ముంజేతిలో మంట, వేళ్లలో తిమ్మిరి, పట్టు సడలడం మాత్రం సహజం కాదు. వాయించగా వాయించగా అవే సర్దుకుంటాయని చెప్పే పెద్దల మాట వేళ్ల కొనలకు వర్తిస్తుంది గాని మణికట్టుకు వర్తించదు. ఈ తేడా తెలియకనే చాలామంది మొదటి హెచ్చరికను పోగొట్టుకుంటారు.

వాద్యం పట్టే పద్ధతి

భుజపట్టీ: కూర్చొని వాయించేటప్పుడు వాద్యం ఏ ఎత్తులో ఉంటుందో, నిలబడినప్పుడు కూడా దాదాపు అదే ఎత్తులో ఉండేలా పట్టీని సరిచేయాలి. వేదికపై అందంగా కనిపిస్తుందని వాద్యాన్ని తొడల వరకు దించితే ఎడమ మణికట్టు బాగా వంగుతుంది. పట్టీ వెడల్పు కనీసం మూడు అంగుళాలు ఉండి, మెత్తగా ఉంటే భుజానికి ఊరట.

మెడ వాలు: వాద్యపు మెడను నేలకు సమాంతరంగా కాక, కొన పైకి లేచేలా కొంత ఏటవాలుగా ఉంచాలి. దీని వలన ఎడమ మణికట్టు నిటారుగా ఉంటుంది.

ఎడమ చేయి: బొటనవేలు మెడ వెనుక ఆనుకొని ఉండాలి, పిండరాదు. తీగను మెట్టుకు కాస్త వెనుక, దానికి దగ్గరగా నొక్కితే తక్కువ బలంతోనే నాదం స్పష్టంగా పలుకుతుంది. ఎంత బలం చాలునో తెలుసుకోవడానికి తేలిక ఉపాయం ఉంది. తీగపై వేలును ఊరక ఆనించి మీటుతూ, ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచాలి. నాదం శుభ్రంగా పలికిన చోట ఆపాలి. చాలామంది అంతకంటె ఎంతో ఎక్కువ బలం వృథా చేస్తున్నట్లు తెలిసివస్తుంది.

వేళ్ల వాడుక: మెడ మొదటి భాగంలో నాలుగు మెట్లకు నాలుగు వేళ్లు చాచడం కంటె, మూడు మెట్లకే చేతిని పరిమితం చేసి చూపుడు, నడిమి, చిటికెన వేళ్లను వాడడం మేలు. ఉంగరపువేలు చిటికెనవేలికి తోడుగా నిలుస్తుంది. తరువాతి స్వరానికి వేలును చాచక, చేతినే జరపాలి. నిలువెత్తు డబుల్ బేస్ కోసం ఫ్రాంజ్ సిమాండ్ల్ 19వ శతాబ్దంలో ప్రచారం చేసిన పద్ధతి ఇది. మెట్లు దగ్గరయ్యే పై స్థాయిలో నాలుగు వేళ్లూ వాడవచ్చు.

కుడి చేయి: ముంజేతిని వాద్యపు అంచుపై బరువుగా ఆనించి, మణికట్టును కొక్కెంలా వంచి మీటడం తరచు కనిపించే తప్పు. అంచు ముంజేతిలోకి దిగబడకుండా, మణికట్టు వీలయినంత నిటారుగా ఉండాలి. చూపుడు, నడిమి వేళ్లను వంతులవారీగా వాడాలి. లావు తీగ నుండి సన్న తీగకు పోయేటప్పుడు బొటనవేలిని కూడా వెంట జరపాలి.

గట్టిగా మీటడం – అసలు చిక్కు

పల్లె కచేరీలలో బేస్ కళాకారుల చేతులు దెబ్బతినడానికి ఒక ప్రధాన కారణం వారికి తమ వాద్యం వినపడకపోవడం. మంద్రనాదాలను మనిషి చెవి తక్కువగా గ్రహిస్తుంది. పక్కన డ్రమ్స్, వెనుక జనరేటరు మోత. అందుబాటులో ఉన్న ఆంప్లిఫయర్ చిన్నది. కళాకారుడు తెలియకనే మీటు బలాన్ని రెట్టింపు చేస్తాడు.

తిరునాళ్లలో చెట్లకు, స్తంభాలకు కట్టే కోన్ స్పీకర్లకు మంద్రనాదాలను పలికించే శక్తి లేదు. ఎంత గట్టిగా మీటినా ఆ నాదం వాటిలో రాదు. పోయేది చేయి మాత్రమే. బేస్‌కు పెద్ద స్పీకరు పెట్టె కావాలి, అది కళాకారునికి దగ్గరగా, వీలయితే చెవి వైపు ఎత్తిపెట్టి ఉండాలి. బేస్ శబ్దాన్ని నేరుగా మిక్సరుకు కలిపి, కళాకారునికి వేరుగా చిన్న మానిటరు స్పీకరు ఇవ్వడం ఇంకా మంచిది. శబ్దం పెంచవలసింది వేలితో కాదు, ఆంప్లిఫయర్‌తో. బృంద నాయకులు, ఉత్సవ నిర్వాహకులు కూడా గుర్తించవలసిన విషయమిది.

వాద్యాన్ని చేతికి అనుకూలంగా మార్చడం

పాత వాద్యాలు కొన్నప్పుడు తీగలకు, మెట్లకు మధ్య ఎడం ఎక్కువగా ఉండడం కద్దు. ఎడం ఎంత ఎక్కువైతే నొక్కడానికి అంత బలం కావాలి. గిటార్లు బాగుచేసే నిపుణునికి చూపించి మెడ వంపును, తీగల ఎత్తును సరిచేయించుకోవాలి. కొత్త వాద్యం కొనే ఖర్చు కంటె ఈ ఖర్చు చాలా స్వల్పం, ప్రయోజనం అధికం.

సన్నని తీగల జత వేసుకుంటే బిగువు తగ్గుతుంది. ఇంటి వద్ద సాధన చేసేటప్పుడు నాలుగు తీగలనూ ఒక మెట్టు దించి శ్రుతి చేసుకుంటే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది.

పిల్లలకు, చిన్న చేతులవారికి 30 అంగుళాల పొట్టి బేస్ అనుకూలం. అందులో మొదటి నాలుగు మెట్ల దూరం 11.4 సెంటీమీటర్లకు తగ్గుతుంది. పదేండ్ల పిల్లవానికి అన్న వాడిన పెద్ద వాద్యాన్నే ఇచ్చి నేర్పించడం పొదుపుగా తోచినా, తప్పు భంగిమ అక్కడే అలవడుతుంది.

సాధన, విశ్రాంతి

సాధనకు ముందు ఐదు నుండి పది నిమిషాలు నెమ్మదైన స్వరాలతో చేతిని వేడెక్కించాలి. మార్గశిర పుష్య మాసాల చలి రాత్రులలో ఆరుబయట వాయించవలసి వస్తే, గోరువెచ్చని నీటిలో చేతులు ముంచి తుడుచుకొని మొదలుపెట్టడం మంచిది. బిగుసుకున్న చేతితో వేగవంతమైన పాట ఎత్తుకోరాదు.

ఇరవై ఐదు నిమిషాలు వాయించి ఐదు నిమిషాలు ఆపాలి. ఆ ఐదు నిమిషాలూ సెల్‌ఫోను పట్టుకుంటే అది విశ్రాంతి కాదు. సాధన సమయాన్ని ఒక్కసారిగా కాక, వారానికి పదో వంతు చొప్పున పెంచుకోవాలి.

ఇక్కడే ఉత్సవ కాలపు చిక్కు వస్తుంది. మాసి నెలలో కోయంబత్తూరు కోనియమ్మన్ తేరు, చిత్తిరై నెలలో మదురై ఉత్సవం, వేసవిలో ఊరూరా మారియమ్మన్ జాతరలు. నెలల తరబడి వాద్యం ముట్టని చేయి ఒక్కసారిగా వరుస రాత్రులు గంటల కొద్దీ వాయించవలసి వస్తుంది. చేతులు ఎక్కువగా దెబ్బతినేది ఇటువంటి సమయంలోనే. ఉత్సవాలకు ఆరు వారాల ముందు నుండి రోజూ కొంతసేపు సాధన చేస్తూ చేతిని సిద్ధం చేసుకోవాలి. వరుస కచేరీల నడుమ ఒక రాత్రి విరామం అడగడం కళాకారుని హక్కు. పాటల వరుస కూర్చేటప్పుడు వేగవంతమైన పాటలన్నిటినీ ఒకచోట పేర్చక, నడుమ నెమ్మదైన పాటలు వేయడం నాయకుని బాధ్యత.

కచేరీకి ముందు ఇరవై కిలోల ఆంప్లిఫయర్లు, స్పీకరు పెట్టెలు మోసి వెంటనే వేదిక ఎక్కడం, గంటల కొద్దీ మోటారు సైకిలు నడిపి వచ్చి ఆ అదురు తగ్గకముందే వాద్యం అందుకోవడం కూడా హాని చేస్తాయి. కనీసం అరగంట చేతులకు విశ్రాంతి ఉండాలి.

పగటి పని కూడా లెక్కలోనిదే

చేయి ఒక్కటే. పగలు చేసిన పని, రాత్రి వాయించిన వాద్యం దానికి వేరువేరు కావు. తెల్లవారుజామున పాలు పితికి, పగలు చెరకు నరికి లేక నూలు మిల్లులో దారం ముడివేసి, రాత్రి బేస్ వాయించే యువకుని చేయి మూడు పనుల భారం మోస్తుంది. ఇంటివారు దీనిని గమనించాలి. కచేరీ ఉన్న రోజున పాలు పితికే పని మరొకరు అందుకోవడం, కచేరీ మరునాడు బరువు పనులు తప్పించడం వంటి చిన్న సర్దుబాట్లు ఏ మందు కంటెను తీసిపోవు.

బాధ మొదలైతే ఏమి చేయాలి?

నొప్పి మొదలైన రోజే వాద్యం ఆపి, రెండు మూడు రోజులు చేతికి విశ్రాంతి ఇవ్వాలి. మంచు ముక్కలను గుడ్డలో చుట్టి పది పదిహేను నిమిషాలు కాపవచ్చు. వేళ్లను, మణికట్టును నొప్పి లేని మేరకు మెల్లగా కదిలిస్తూ ఉండాలి. పూర్తిగా కదలనీయక వారాల తరబడి కట్టి ఉంచితే కీలు బిగుసుకుంటుంది. నొప్పి తగ్గిన తరువాత మొదటి రోజు ఐదు పది నిమిషాలతో మొదలుపెట్టి క్రమంగా పెంచాలి.

నొప్పి మాత్ర వేసుకొని వేదిక ఎక్కడం అత్యంత ప్రమాదకరం. మాత్ర గాయాన్ని మాన్పదు, హెచ్చరికను మాత్రమే అణచివేస్తుంది.

సరిహద్దు ప్రాంతాలలో ఎముక విరిగితే పుత్తూరు కట్టు గుర్తుకు రావడం సహజం. కాని నరం నొక్కుకోవడం వలన కలిగే తిమ్మిరికి ఎముకకు కట్టినట్లు గట్టి కట్టు పనికిరాదు. బిగుతు ఎక్కువైతే ఒత్తిడి ఇంకా పెరగవచ్చు. కార్పల్ టన్నెల్ బాధకు రాత్రి వేళ మణికట్టును నిటారుగా ఉంచే తేలికపాటి స్ప్లింట్ వైద్యులు సూచిస్తారు. అది బిగించడానికి కాదు, నిద్రలో చేయి వంగకుండా ఆపడానికి.

ఈ కింది లక్షణాలలో ఏది కనిపించినా ఆలస్యం చేయక వైద్యుని చూడాలి:

• రాత్రి నిద్ర చెడేంతగా వేళ్లలో తిమ్మిరి
• వస్తువులు చేతి నుండి జారిపోవడం, గుండీ పెట్టుకోలేకపోవడం
• బొటనవేలి మొదట్లోని కండ తగ్గినట్లు కనిపించడం
• విశ్రాంతి ఇచ్చినా రెండు వారాలకు మించి నొప్పి నిలవడం
• వేలు ముడిచినప్పుడు చిక్కుకొని, టక్కుమని తెరుచుకోవడం

తొలి దశలో విశ్రాంతి, భంగిమ మార్పు, స్ప్లింట్, ఫిజియోథెరపీతో చాలామందికి నయమవుతుంది. అవసరమైతే వైద్యులు నరం ఎంత వేగంగా సంకేతాలు పంపుతున్నదో పరీక్షిస్తారు, కొందరికి సూదిమందు ఇస్తారు. నరంపై ఒత్తిడి తగ్గని వారికి సొరంగపు పైపొరను విడదీసే చిన్న శస్త్రచికిత్స ఉంది. చాలాకాలం నొక్కుకొని కండ కరిగిపోయిన తరువాత చేసే చికిత్సకు ఫలితం తక్కువ. కనుక ముందుగా పోవడమే ముఖ్యం.

చేతి వైద్యంలో ఈ ప్రాంతం వెనుకబడి లేదు. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రి చేతి శస్త్రచికిత్సకు దేశవిదేశాలలో పేరుపొందింది. 1946లో వేలూరుకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధి వలన వంగిపోయిన చేతులను శస్త్రచికిత్సతో తిరిగి పనికి తెచ్చిన చోటు అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల. చిత్తూరు సరిహద్దు గ్రామాలవారికి అది దగ్గర. చెన్నై స్టాన్లీ ప్రభుత్వ వైద్యశాలలో చేతి చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. మదురై రాజాజీ ప్రభుత్వ వైద్యశాల, కోయంబత్తూరు ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి పేదలకు అందుబాటులో ఉన్నవి. వైద్యుని వద్దకు పోయినప్పుడు చేతి నొప్పి అని మాత్రమే చెప్పక, బేస్ గిటార్ వాయిస్తున్న సంగతి, రోజుకు ఎన్ని గంటలు వాయించేదీ, పగలు చేసే పని ఏమిటన్నదీ చెప్పాలి. వీలయితే వాద్యం పట్టుకున్న ఫోటో చూపించాలి. కారణం తెలిస్తేనే చికిత్స నిలుస్తుంది.

తల్లిదండ్రులకు, బృంద నాయకులకు

పిల్లవాడు సాధన మానేస్తే సోమరితనమని మందలించే ముందు చేయి నొప్పిగా ఉన్నదా అని అడగాలి. వాయించేటప్పుడు అతని మణికట్టు వంగి ఉన్నదా, భుజం చెవి వైపు లేచి ఉన్నదా అని చూడడానికి సంగీతం తెలిసి ఉండనక్కరలేదు. కన్నతల్లి కన్ను చాలు. నొప్పి ఉన్నదని చెప్పిన కళాకారుని బృందం నుండి తొలగిస్తే మిగిలినవారు తమ నొప్పిని దాచడం నేర్చుకుంటారు. ఒక కచేరీకి బదులు మనిషిని చూసుకొని అతనికి విశ్రాంతి ఇస్తే, పదేండ్లు వాయించగల చేయి బృందానికి మిగులుతుంది.

ముఖ్యాంశాలు

• మణికట్టు నిటారుగా, బొటనవేలు వదులుగా ఉండాలి.
• పట్టీ పొట్టిగా, వెడల్పుగా ఉండాలి.
• శబ్దాన్ని ఆంప్లిఫయర్‌తో పెంచాలి, వేలితో కాదు.
• తీగల ఎత్తును నిపుణునితో సరిచేయించాలి.
• ఇరవై ఐదు నిమిషాల సాధనకు ఐదు నిమిషాల విరామం.
• ఉత్సవాలకు ఆరు వారాల ముందు నుండే చేతిని సిద్ధం చేయాలి.
• కచేరీ రోజున బరువు పనులు తగ్గించాలి.
• వేళ్ల కొనల మంటను ఓర్చుకోవచ్చు. మణికట్టు నొప్పిని, తిమ్మిరిని ఓర్చుకోరాదు.

ఉరుమి మోసిన తాతల తరంలో వాద్యం తండ్రి చేతి నుండి కొడుకు చేతికి వచ్చేది. ఎలా పట్టాలో, ఎప్పుడు దించాలో పక్కన నిలిచి చెప్పే పెద్దలుండేవారు. బేస్ గిటార్ కొత్తగా వచ్చిన వాద్యం కనుక ఇండ్లలో దానిని ఎరిగిన పెద్దలు తక్కువ. ఆ మాట చెప్పే బాధ్యత ఇప్పుడు గురువులది, బృంద నాయకులది, కుటుంబాలది.